అవుట్ అన్నది ఆమె, కాదన్నది నేను

ఆమె నన్ను మొదటిసారి చూసినప్పుడు ఆమె ముఖం నాకు కనిపించలేదు. అంపైర్ కదా, ఇనుప జాలీ మాస్కు అడ్డం ఉంది. కనిపించింది రెండు చేతులే. ఆ రెండు చేతులూ బార్లా చాపి, గద్వాల దాకా వినిపించేంత గట్టిగా అరిచింది.

"సేఫ్!"

నేను గీత దాటి మైదానంలోకి ఉరికాను.

మా ఊరి ఆడపిల్లల సాఫ్ట్‌బాల్ టీముకు నేను మేనేజర్ని. మేనేజర్ అంటే పెద్ద ఉద్యోగమేమీ కాదు. డిగ్రీ అయ్యాక డ్రోన్‌తో చేలకు మందు కొట్టే పని చేస్తున్నాను. ఖాళీ ఉన్న రోజు పిల్లలను ఆటోలో ఎక్కించుకుని మ్యాచ్‌లకు తీసుకెళ్తాను. బ్యాట్లు, జెర్సీలు కొనిచ్చింది మా నాన్న కురుమూర్తి. బ్యాట్ పట్టిన పిల్ల వెనక కూర్చుని బంతులు అందుకునే క్యాచర్ మా అక్క కూతురు యమున. కాబట్టి ఆ టీము సగం మా ఇంటిదే అనుకునేవాణ్ణి.

"ఓ మేడం! కండ్లు కనవడ్తలేవా? బాల్ ముందుగాలొచ్చింది, ఆ పిల్ల తర్వాతొచ్చింది!"

ఆమె మాస్కు తీసింది. చెమటకు నుదుటి మీద వెంట్రుకలు అతుక్కుని ఉన్నాయి. కోపంగా ఉంటుందనుకున్నాను. లేదు. లెక్క తప్పు చేసిన పిల్లవాణ్ణి టీచర్ చూసినట్టు చూసింది.

"అన్నా, నువ్వేం చూసినవ్?"

"బాల్ చూసిన!"

"కాలు చూసినవా?"

నేను బేస్ వైపు తిరిగి చూశాను.

"బాల్ చూసుకుంట కాలెట్ల చూస్తవ్? నేను బేస్ మీద కాలు చూసిన. గ్లవ్‌ల బాల్ పడ్డ చప్పుడు విన్న. కాలు ముందుగాల పడ్డది. ఇగ గీత అవతలికి నడువు."

"నడవకుంటే?"

"మీ టీమ్ ఓడిందని రాస్త. ఈ పిల్లలకు నువ్వే జవాబు చెప్పుకో."

వెనక నుంచి యమున గొంతు వినిపించింది. "మామా, ఇజ్జత్ తీయకు. పో!"

మ్యాచ్ అయ్యాక ఆమే నా దగ్గరికి వచ్చింది. పేరు కృప. ఆత్మకూరులో ఒక హాస్టల్ బడిలో ఆటలు నేర్పుతుంది. ఒకప్పుడు రాష్ట్రం తరఫున క్యాచర్‌గా ఆడింది. బంతి తగిలి వంకరపోయిన కుడిచేతి చూపుడు వేలు ఆ సంగతి చెప్పకనే చెబుతోంది.

"హైదరాబాద్ నుంచి అంపైర్లు రామంటుండ్రు. పోయిన ఏడు టోర్నమెంటే ఆగిపోయింది. గందుకే మనోళ్ళకే అంపైరింగ్ నేర్పిస్తున్న. అంత బాగ కనవడితే ఆదివారం పెబ్బేరు సంత మైదానానికి రా. జీతం లేదు, బత్తెం లేదు. తిట్లు మాత్రం కావాల్సినన్ని."

"వస్త! ఏమనుకుంటున్నవో! మ్యాడీ అంటరు నన్ను."

"అసలు పేరు?"

"...మద్దిలేటి."

"మంచి పేరు. దాచుకుంటవెందుకు?" అంటూ నోటుబుక్కులో రాసుకుంది.

ఆమె తప్పు చేస్తే పట్టుకుని, నలుగురిలో చూపించి వచ్చేద్దామనే వెళ్ళాను. దేవుడి మీద ఒట్టు, ఇంకే ఉద్దేశమూ లేదు.

*

పెబ్బేరు సంత శనివారం. ఆదివారం పొద్దున మేము వెళ్ళేసరికి ఎద్దులు పోయి, వాటి పేడ మిగిలి ఉండేది. మొదటి పాఠం పారతో పేడ ఎత్తడం. రెండో పాఠం సున్నంతో గీతలు గీయడం.

నేర్చుకునేవాళ్ళం ఏడుగురం, మా ముందు ఆడడానికి కృప బడి పిల్లలు వచ్చేవారు. మా ఏడుగురిలో ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మాసయ్య గారు ఒకరు. మొదటి వారం ఆయన, రన్నర్ సేఫ్‌గా చేరిన ప్రతిసారీ "రైట్ రైట్!" అని అరిచేవారు. పిల్లలు నిజంగానే తర్వాతి బేస్‌కు పరిగెత్తేవారు.

సాఫ్ట్‌బాల్ మా వైపు చాలామందికి కొత్త. కొట్టిన పిల్ల నాలుగు బేస్‌లు చుట్టి, మొదలుపెట్టిన చోటికే, అంటే హోమ్ ప్లేట్‌కు చేరితే ఒక పరుగు. చేరేలోపు బంతి ఉన్న చేత్తో తాకితే, మొదటి బేస్ దగ్గరైతే కాలి కంటే బంతి ముందు చేరినా, అవుట్. చెప్పడానికి ఇంతే. నిలబడి చూస్తే తెలుస్తుంది, అంతా రెప్పపాటులో అయిపోతుంది.

కృప మా కళ్ళకు గంతలు కట్టించి గ్లవ్‌లో బంతి పడే చప్పుడు వినిపించేది. ఎక్కడ నిలబడితే ఏది కనబడుతుందో, ఏది కనబడదో, ముగ్గుపిండితో నేల మీద గీసి చూపించేది.

"తొందరపడి చెయ్యి లేపొద్దు. ఆట పూర్తిగ అయిపోవాలె. చూసింది మనసుల మల్లొక్కసారి చూడాలె. అప్పుడు చెప్పాలె."

"అంతసేపు ఆగితే నిద్రపోయినమనుకోరా?" అన్నాను.

"అనుకోనీ. తప్పు చెప్పి మేలుకున్నోనికంటే నయం. ఇంకొకటి. తోటి అంపైర్ చెప్పిన మాట మీద, అడగంది నోరు తెరవొద్దు. అడిగితే మటుకు దాచొద్దు. ఎవరున్నా సరే, ఎవరి టీమైనా సరే."

"మీ మాటైనా సరేనా?"

"నా మాటైతే ఇంకా మంచిగ చెప్పాలె, అన్నా."

ఆ 'అన్నా' నన్ను చంపేది. మాసయ్య గారిని 'తాతా' అనేది, కరెంటు పని చేసే శ్రీనాథ్‌ను 'తమ్మీ' అనేది, నన్ను 'అన్నా' అనేది. అందరికీ లేని బాధ నాకే ఎందుకో అప్పటికి తెలియలేదు. మూడో ఆదివారానికి తెలిసింది. తప్పులు పట్టడానికి వెళ్ళినవాణ్ణి, అందరికంటే ముందు వెళ్ళి పేడ ఎత్తుతున్నాను!

నాలుగో ఆదివారం వాన దంచికొట్టింది. పిల్లలందరూ ఒక షెడ్డు కిందికి, మేమిద్దరం సున్నం బస్తా కాపాడుకుంటూ ఇంకో షెడ్డు కిందికి చేరాం. రేకుల మీద వాన చప్పుడుకు గట్టిగా మాట్లాడాల్సి వచ్చింది.

"ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. నన్ను అన్నా అనకుంట ఉండలేవా?"

"మరేమనాలె? బావా అనాల్నా?" అని నవ్వి, వెంటనే నవ్వు ఆపేసింది. నా ముఖంలో ఏదో కనిపించినట్టుంది.

సున్నం బస్తాను ఇంకాస్త లోపలికి జరిపింది. "మీ ఊర్ల నాకు అందరు తెలుసు. నేనే ఎవరికీ తెల్వదు" అంది.

"అంటే?"

"మా నాయిన పేరు యోసేపు. కూలికి వచ్చి రెండేండ్లు మీ ఊర్లనే ఉన్నం. నాలుగో తరగతి బడి మాన్పిచ్చి నన్ను గూడ విత్తన పత్తి చేన్లకు తోలుకపోయిండ్రు. ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు అద్ది క్రాసింగ్ చేసెటోళ్ళం. చిన్న చేతులైతే పువ్వు చితకదు కదా! అది మీ నాయిన చేనే. తర్వాత మా అమ్మ కొట్లాడి నన్ను హాస్టల్ల ఏసింది."

ఆ చేను మీదే నేను ఇప్పుడు డ్రోన్ తిప్పుతున్నాను. ఆ పూల మధ్య ఈ అమ్మాయి ఉన్న రోజుల్లో నేను గద్వాలలో ఇంగ్లీషు మీడియం బడికి వ్యాన్‌లో వెళ్ళేవాణ్ణి.

"కృపా, నాకు..."

"ఆగు." చెయ్యి అడ్డం పెట్టింది. "నువ్వేం చెప్తవో నాకు తెలుసు. గుడ్డిదాన్ని కాదు. నువ్వు నా దగ్గర నేర్చుకుంటున్నవ్. టోర్నమెంట్ అయిందాంక ఆ మాట నాతోని అనకు. రేపు ఎవడన్నా వేలు చూపిస్తే నేను తలెత్తుకొని నిలబడాలె."

"అయినంక?"

"అయినంక సంగతి అయినంక. వాన తగ్గింది, నడువు మద్దిలేటి."

మద్దిలేటి! అన్నా లేదు. ఇంటికి వెళ్ళేదాకా బండి మీద ఒక్కణ్ణే నవ్వుకుంటూ వెళ్ళాను. పుట్టి బుద్ధెరిగాక నా పేరు నాకు నచ్చడం అదే మొదలు.

*

టోర్నమెంటు వనపర్తిలో, ఊరి చివరి మైదానంలో జరిగింది. మూడు జిల్లాల నుంచి ఎనిమిది టీములు వచ్చాయి. ఫైనల్‌కు మా ఊరు, నాగర్‌కర్నూల్ వాళ్ళు చేరారు.

ఫైనల్లో కృపకు తోడుగా మాసయ్య గారు ఉండాలి. పొద్దున మ్యాచ్‌లో ఆయన కాలు మడతపడింది. శ్రీనాథ్ డ్యూటీ మీద వెళ్ళిపోయాడు. ఫైనల్‌కు నిలబడగలిగినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే.

"మా ఊరు ఆడుతుంది, నేనెట్ల నిలబడ్త?" అన్నాను.

టోర్నమెంటు చూసుకుంటున్న వెంకటన్న సార్ రెండు టీముల వాళ్ళనూ పిలిచారు. నాగర్‌కర్నూల్ కోచ్ ఇందిరమ్మ నన్ను కిందికీ మీదికీ చూసింది. "కృప నేర్పిన మనిషే కదా! మాకేం అడ్డం లేదు" అంది. మా నాన్న మీసం సవరించుకుని, "మాకు అసలే లేదు!" అన్నాడు.

చివరి ఇన్నింగ్స్‌కు మా ఊరు ఒక్క పరుగు ముందుంది. నాగర్‌కర్నూల్ వాళ్ళలో ఇంకొక్కరు అవుటైతే ఆట అయిపోతుంది. మూడో బేస్ మీద రోజా అనే పిల్ల ఉంది. సన్నగా, గడ్డిపోచలా ఉంటుంది కానీ గాలిలా పరిగెత్తుతుంది.

బ్యాట్ తగిలింది. బంతి దొర్లుకుంటూ పోయింది. మా పిల్ల అందుకుని హోమ్ ప్లేట్‌కు విసిరింది. రోజా జారుతూ వచ్చింది. యమున మోకాళ్ళ మీద పడి ఆమెను తాకింది. దుమ్ము లేచింది. కృప ఒక్క క్షణం ఆగింది. పిడికిలి బిగించి లేపింది.

"అవుట్!"

మా ఊరు మొత్తం గ్రౌండ్‌లోకి దూకింది. ఎవరో డప్పు మొదలుపెట్టారు. నాన్న తువ్వాలు గాల్లోకి విసిరాడు.

నేను మాత్రం కదల్లేదు. నేను నిలబడ్డది పక్కన. యమున గ్లవ్‌లోంచి బంతి జారి, కడుపు కింద నేల మీద పడడం, ఆమె దాన్ని గబుక్కున ఎత్తుకోవడం నాకు కనిపించింది. కృపకు యమున వీపు అడ్డం ఉంది. బంతి జారితే అవుట్ లేదు.

అడగందే నోరు తెరవకూడదు. ఎవరూ అడగకపోతే బాగుండునని ఒక్క క్షణం అనుకున్నాను. అబద్ధం ఎందుకు చెప్పాలి, నిజంగానే అలా అనుకున్నాను.

ఇందిరమ్మ అరవలేదు. నడిచి వచ్చి, "మేడం, బాల్ జారినట్టుంది. మీ పక్కాయన్ని ఒక్కసారి అడుగుండ్రి" అంది.

కృప నన్ను పక్కకు పిలిచింది. జనానికి వీపు పెట్టి నిలబడ్డాం. ఆమె కళ్ళలో భయం లేదు, బతిమాలడమూ లేదు.

"మద్దిలేటి, నీకేం కనవడ్డది?"

ఆమె భుజం మీదుగా నాన్న కనిపించాడు. ఎవరో ఆయన్ని ఎత్తుకున్నారు.

"బాల్ జారింది. నేల మీద పడ్డది. యమున మల్ల ఎత్తుకున్నది."

"సగం సగం చూసినవా, మంచిగ చూసినవా?"

"మంచిగ చూసిన."

"నేను అవుటన్న. నేను చెప్పింది తప్పంటున్నవ్."

"తప్పే అంటున్న."

ఆమె పెదవుల మీదికి చిన్న నవ్వు వచ్చింది. మాస్కు తొడుక్కుని, మైదానం మధ్యకు వెళ్ళి రెండు చేతులూ బార్లా చాపింది.

"బాల్ జారింది! రన్నర్ సేఫ్! ఆట ఉన్నది, అందరు గీత అవతలికి!"

డప్పు ఆగిపోయింది. నాన్న నేల మీదికి దిగాడు. నేరుగా నా మీదికి వచ్చాడు.

"ఏందిరా ఇది? ఆ పిల్ల చెప్తే నువ్వు తలూపినవా?"

"ఆమె అవుటన్నది నాయినా. కాదన్నది నేనే."

"మా చేన్ల కూలి చేసినోళ్ళ బిడ్డ వచ్చి మాకు న్యాయం చెప్తదా? ఎవరో అనుకుంటున్నరు గానీ, నేను గుర్తు వట్టిన!"

నాకు ఒళ్ళు మండింది. నేను మాట్లాడేలోపే కృప ముందుకు వచ్చింది. మాస్కు తీసి చంకలో పెట్టుకుంది.

"మంచిగ గుర్తు వట్టిండ్రయ్యా. నాలుగో తరగతి బడి మాని మీ చేన్ల పూలకు క్రాసింగ్ చేసిన. ఒక్క పువ్వు తప్పితే మీరు నన్ను నలుగుర్ల నిలబెట్టి తిట్టేటోళ్ళు. ఇయ్యాల నేను చెప్పింది తప్పైంది. మీరు తిట్టకముందే నలుగుర్ల దిద్దుకున్న. ఇగ జరుగుండ్రి, పిల్లలు ఆడాలె."

"ఆడరు! మా టీమ్‌ను తీస్కపోత!"

అప్పుడు యమున లేచింది. మోకాలు గీరుకుపోయి రక్తం కారుతోంది.

"తాతా, బాల్ కింద పడ్డది. నేనే ఎత్తుకున్న. ఇట్ల గెలిచిన కప్పు నేను ముట్టను. మేం ఆడతం."

మాస్కు కిందికి లాగి ప్లేట్ వెనక కూర్చుంది. మిగతా ఎనిమిది మందీ ఒక్కొక్కరే తమ తమ చోట్లకు వెళ్ళి నిలబడ్డారు. పద్నాలుగేళ్ళ లోపు పిల్లలు తొమ్మిది మంది నిలబడితే, మా ఊరి పెద్దమనుషులందరూ గీత అవతలికి నడిచారు.

తర్వాతి పిల్ల కొట్టిన దెబ్బకు ఇంకో పరుగు వచ్చింది. మేం ఓడిపోయాం. ఆటోలో పిల్లలు ఏడ్చారు, ఇంటికి చేరేలోపు పాటలు కూడా పాడారు. నాన్న మాత్రం మూడు వారాలు నాతో మాట్లాడలేదు.

*

మాట్లాడలేదు కానీ ఊరుకోలేదు. అంపైర్లిద్దరి నడుమ ఏదో ఉంది, అందుకే మ్యాచ్ తిప్పారు అని వెంకటన్న సార్‌కు కాగితం రాసిచ్చాడు. ఆయన మమ్మల్ని వనపర్తికి పిలిచారు. గదిలో నాన్న కూడా కూర్చుని ఉన్నాడు. పక్కన మా అమ్మ బాలనాగమ్మ, గొడవ ముదరకుండా చూడ్డానికి వచ్చింది.

మ్యాచ్ తర్వాత కృపను చూడడం అదే మొదలు. నేను ఫోన్ చేస్తే, "ఈ లొల్లి తెగనీ" అని పెట్టేసింది.

వెంకటన్న సార్ తెల్లకాగితాలు రెండు మా ముందు పెట్టారు. "మీ ఇద్దరి నడుమ ఏం లేదని రాసి సంతకం పెట్టుండ్రి. ఇంతటితో ఖతం. వచ్చే ఏడు గూడ మీరే అంపైర్లు."

కృప పెన్ను తీసుకుంది. నేను తీసుకోలేదు.

"రాయి మద్దిలేటి. పరేషాన్ ఎందుకు?" అన్నారు సార్.

"నేను రాయను సార్."

నాన్న తల ఎత్తాడు. కృప పెన్ను ఆగింది.

"బాల్ జారింది నిజం. అది ఎన్ని కాగితాల మీదైనా రాస్త. నడుమ ఏం లేదని మటుకు రాయను. ఆమె దిక్కు నుంచి నాకు తెల్వదు. నా దిక్కు నుంచి ఉన్నది. ఉన్నదాన్ని లేదని ఎట్ల రాస్త? టోర్నమెంట్ అయిందాంక అనొద్దన్నది, అనలేదు. ఇప్పుడంటున్న. నాకు ఈమె అంటే ఇష్టం. నన్ను అంపైర్‌గ తీసేసినా సరే, ఇంట్ల నుంచి తీసేసినా సరే."

అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

కృప తను రాస్తున్న కాగితం చింపేసింది. నా ముందున్న కాగితం లాక్కుని, ఆ వంకర వేలితోనే పెన్ను నొక్కిపట్టి గబగబా రాసి, సంతకం పెట్టి సార్ చేతికిచ్చింది. సార్ పైకి చదివారు.

"ఫైనల్ నాడు మా ఇద్దరి నడుమ ఏమీ లేదు. ఆ రోజు ఇచ్చిన తీర్పు సరైనదే. ఈ రోజు నుంచి ఉంది. ఇట్లు, కృప."

సార్ కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివారు. "దీన్ని నేను ఏ ఫైల్‌ల పెట్టాలె తల్లీ?"

"అంపైర్ల ఫైల్‌ల పెట్టుండ్రి సార్. మద్దిలేటి, నువ్వు గూడ సంతకం పెట్టు. ఏమట్ల చూస్తవ్?"

నేను పెన్ను అందుకున్నాను. సంతకం పక్కకు పోయింది. అయినా పెట్టాను.

నాన్న లేచాడు. తలుపు దాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరగకుండానే అడిగాడు.

"మీ నాయిన ఇంటికాడ ఎన్నడుంటడు?"

"ఆదివారం. చర్చి నుంచి వచ్చినంక" అంది కృప.

"వస్తనని చెప్పు. కొట్లాటకో మాట్లాడనీకో, అప్పుడు తెలుస్తది."

"దేనికొచ్చినా చాయ్ తాగి పోవాలె" అంది కృప.

ఆదివారం ఆత్మకూరు వెళ్ళాం. యోసేపు గారు సిమెంటు పనికి పుణె, ముంబై తిరిగొచ్చిన మనిషి. అరచేతులు గరుకుగా ఉన్నాయి. కృప అమ్మ రూతమ్మ గారు చాయ్ ఇచ్చారు. నాన్న గొంతు సవరించుకుని, చాలా పెద్ద మనసు చేసుకున్నవాడిలా, "సరే, మీ పిల్లను మా ఇంటికి చేసుకుంటం" అన్నాడు.

యోసేపు గారు చాయ్ నిదానంగా తాగి గ్లాసు కింద పెట్టారు.

"కురుమూర్తన్నా, నా బిడ్డను నీ చేన్లకు తోలిన నాడు నేను ఆలోచన చెయ్యలే. అది నా తప్పు. గందుకే ఇప్పుడు జర ఆలోచన చేసుకొని చెప్త. మీరు పోయి రాండ్రి."

నాన్న గ్లాసు కింద పెట్టి లేచాడు. ఊళ్ళో ఆయన మాటకు ఆలోచిస్తానన్న మనిషి ఇంతవరకు పుట్టలేదు. తిరుగు దారిలో కారులో పది నిమిషాలు కుతకుతలాడాడు. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. ఇక అయిపోయిందనుకున్నాను.

హఠాత్తుగా తొడ మీద చరిచాడు.

"మనకే ఆలోచన చేసి చెప్తమంటరా? ఎట్ల ఒప్పుకోడో నేను గూడ చూస్త! ఒరే, మళ్ళా ఆదివారం గూడ వస్తున్నం. బాలనాగమ్మా, ఉత్త చేతులతోని వచ్చినమే, నీకన్నా తెలివి ఉండొద్దా?"

అమ్మ నావైపు తిరిగి కన్ను కొట్టింది.

వరసగా నాలుగు ఆదివారాలు వెళ్ళాడు; వెంట వెళ్ళిన నేను, యోసేపు గారి మాట తేలేదాకా అని వాకిట్లోనే నిలబడేవాణ్ణి. నాలుగో ఆదివారం యోసేపు గారి ముందు, రూతమ్మ గారి ముందు, కృపను కూర్చోబెట్టి, "బిడ్డా, గప్పుడు నిన్ను పొలంల నిలబెట్టి తిట్టిన. అది తప్పే. అందరి ముందల చెప్తున్న" అన్నాడు. అలా అనడానికి ఆయనకు ఎంత కష్టమైందో మెడ మీద నరాలు చెప్పాయి.

కృప లేచి ఆయన గ్లాసులో ఇంకొంచెం చాయ్ పోసింది. యోసేపు గారు ఆమె ముఖంలోకి చూసి, నావైపు తిరిగారు.

"మద్దిలేటి, లోపలికి వచ్చి కూసో. వాకిట్ల ఎన్ని రోజులు నిలబడ్తవ్?"